మఱపురాని సూపర్‌మాన్ చిత్రము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇల్లినాయి రాష్ట్రపు దక్షిణపు కొనయందు, ఒహాయో నదీతీరమున, మెట్రోపోలిస్ అను చిన్న పట్టణము కలదు. బొమ్మల కథలలోని సూపర్‌మాన్ అను వీరుడు వసించు మహానగరమునకును ఈ పేరే యుండుటచే, ఈ పట్టణము 1972లో ఆ వీరుని స్వస్థలమని ప్రకటింపబడినది. 1993లో అచ్చటి న్యాయస్థానము నెదుట సుమారు 15 అడుగుల యెత్తుగల అతని కంచు విగ్రహమును నిలిపిరి. జూన్ మాసమున ఆ యూర ఉత్సవము జరుగుట వాడుక. నీలపు దుస్తులును ఎఱ్ఱని పైవస్త్రమును ధరించిన పసిపిల్లలు మాత్రమే కాక, తలలు నెరసిన పెద్దలును ఆ యుత్సవమునకు వచ్చెదరు.

ఇంత వయస్సు వచ్చినవారికి ఈ వేడుక యేమని మన పాఠశాల బాలురును, వారి తల్లిదండ్రులును అడుగవచ్చును. గాలిలో ఎగురు వీరుని కథ పిల్లల యాట గదా, పెద్దలైన పిమ్మటను దానిని పట్టుకొని యుండుట బుద్ధిహీనత కాదా యని శంకింపవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 1978 డిసెంబరులో వెలువడిన సూపర్‌మాన్ అను చలనచిత్రమును బాల్యమున చూచి, నేటికిని ప్రేమతో తలచుకొనుచున్నవారు ప్రపంచమున చాలమంది కలరు. వారు తలచుకొనునది యేమి, ఆ ప్రేమ ఇన్ని సంవత్సరములు ఏల నిలిచినది యను విషయమును మేము ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మొదట ఆ వీరుని పుట్టుక తెలియవలయును. ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండు నగరములో గ్లెన్‌విల్ హైస్కూలున చదివిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇద్దఱు స్నేహితులు అతనిని కల్పించిరి. ఒకడు కథ వ్రాసెను, ఒకడు బొమ్మ గీసెను. ఇద్దఱును బీద యూదుల బిడ్డలు. 1938లో వారి కథ మొదటిమాఱు అచ్చుపడినది. దానిపై తమకు గల సర్వహక్కులను వారు 130 డాలర్లకు విక్రయించిరి. తరువాత ఆ బొమ్మల కథ ఇతరులకు కోట్లు గడించి పెట్టగా, దానిని కల్పించినవారు మాత్రము చాల సంవత్సరములు లేమిలో నుండిరి. చిత్రనిర్మాణపు వార్తలు పుట్టిన దినములలో ఈ యన్యాయము పత్రికలకెక్కి, 1975లో వారికి జీవితాంతము వార్షిక భృతియు, కథలపై తమ పేరులు వేయించుకొను గౌరవమును లభించినవి. అభిమానులు చిత్రారంభమున ఆ రెండు పేరులు తెరపై కనబడినప్పుడు సంతోషించుటకు కారణమిదియే.

కథ సులభమైనది. క్రిప్టాన్ అను గ్రహము నశింపనుండగా, జార్-ఎల్ అను శాస్త్రజ్ఞుడు తన పసిబిడ్డను చిన్న నౌకలో నుంచి భూమికి పంపును. కాన్సాస్ ప్రాంతపు వ్యవసాయదారులైన కెంటు దంపతులు ఆ శిశువును తెచ్చుకొని క్లార్కు అను పేరిడి పెంచెదరు. అతడు పెద్దవాడై మెట్రోపోలిస్ నగరమున పత్రికా విలేఖరియై, పిఱికివానివలె, తడబాటు మనుష్యునివలె నటించుచు, ఆపద వచ్చినప్పుడు మాత్రము సూపర్‌మానై యెగిరి వచ్చి జనులను రక్షించును. జమ్ము పెట్టెలో నైలునదిపై విడువబడిన మోషే కథకును దీనికిని గల పోలికను పలువురు గుర్తించిరి. తండ్రి తన యేకైక కుమారుని లోకమునకు పంపుట క్రైస్తవ ప్రేక్షకులకు సువార్తను జ్ఞప్తికి తెచ్చినది. పోలిక పోలికయే గాని, కల్పిత కథను దైవవాక్యముతో సమానము చేయరాదని మేము వేఱుగ చెప్పనక్కరలేదు. అయినను, కథయొక్క లోతు ఎచ్చటనుండి వచ్చినదో తెలిసికొనుటకు ఈ మాట అవసరము.

మన తెలుగువారికి ఎగురు వీరుడు క్రొత్తవాడు కాడు. సముద్రమును లంఘించిన ఆంజనేయుని గుఱించి వినని తెలుగు బిడ్డ లేడు. అందుచేతనే 1980లో నందమూరి తారక రామారావుగారు నాయకుడుగా వచ్చిన సూపర్‌మాన్ అను తెలుగు చిత్రమున, వీరునికి శక్తి ఆంజనేయుని యనుగ్రహమువలన కలిగినట్లు చూపిరి. అమెరికా కథ మన దేశమునకు వచ్చి మన వేషము ధరించినదనుటకు ఇది నిదర్శనము.

ఇక చిత్రనిర్మాణము. దర్శకుడు రిచర్డు డానర్. చిత్రములో చాల భాగమును ఇంగ్లాండులోని పైన్‌వుడ్ చిత్రశాలలోను, పల్లెటూరి దృశ్యములను కెనడాలోని ఆల్బర్టా పచ్చిక బయళ్లలోను, నగర దృశ్యములలో కొన్నిటిని న్యూయార్కులోను తీసిరి. సుమారు 5 కోట్ల 50 లక్షల డాలర్లు వ్యయమైనది. ఆ దినములలో అది దిగ్భ్రమ కలిగించు మొత్తము. బొమ్మల కథలను తెరకెక్కించువారు వానిని వెక్కిరించి నవ్వించుట అప్పటి వాడుక. డానర్ అందుల కంగీకరింపలేదు. కథ నిజముగ జరుగుచున్నట్లే యుండవలయును, నటులు దానిని నమ్మి నటింపవలయును అని పట్టుపట్టెను. అభిమానులు నేటికిని మొదట పొగడునది ఈ చిత్తశుద్ధినే.

ఎగురుటను నమ్మించుట అన్నిటికంటె కష్టమైన పని. మనిషి యెగురగలడని మీరు నమ్మెదరని ప్రకటనలలో ముందుగనే మాట ఇచ్చిరి, కాని అది యెట్లు చేయవలయునో మొదట ఎవరికిని తెలియదు. మనుష్యాకారపు బొమ్మలను గాలిలోనికి విసరి చూచిరి. వీరుని రూపము గల చిన్న విమానమును దూరమునుండి నడపి చూచిరి. ఏదియు నమ్మదగినట్లు లేదు. తుదకు నటుని సన్నని తీగెలతో వ్రేలాడదీయుటయు, జొరాన్ పెరిసిచ్ అను నిపుణుడు కనిపెట్టిన ఒక పద్ధతియు వారిని గట్టెక్కించినవి.

ఆ పద్ధతి విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులు తెలియదగినది. నటుని వెనుక ఒక తెర యుండును. దానికి మిక్కిలి సన్నని గాజుపూసలు పూయబడియుండును గనుక, తనపై పడిన వెలుగును అది వచ్చిన త్రోవనే తిరిగి పంపును. కెమెరా యెదుట వాలుగా నిలిపిన అద్దము సగము వెలుగును పోనిచ్చి, సగము వెలుగును మరల్చును. ప్రక్కనున్న ప్రొజెక్టరునుండి ఆకాశపు చిత్రము ఆ యద్దముపై పడి, తెరవైపు మరలి, తెరనుండి తిన్నగా కెమెరాలోనికి వచ్చును. నటుని శరీరముపైనను ఆ చిత్రము పడును గాని, శరీరమునకు గాజుపూసల గుణము లేనందున అది కనబడదు. అతని నీడ సరిగా అతని వెనుకనే పడుటచే అదియు కనబడదు. ఇంతవఱకు ఇతరులకును తెలిసినదే. పెరిసిచ్ చేసిన క్రొత్త పని యేమనగా, దృశ్యమును పెంచుచు తగ్గించు కటకములను కెమెరాకును ప్రొజెక్టరునకును అమర్చి, రెండును ఒక్కటిగా కదలునట్లు చేయుట. కెమెరా దృశ్యమును రెండింతలు పెంచినపుడు ప్రొజెక్టరు తన చిత్రమును సగమునకు తగ్గించును. కావున ఆకాశము మాఱదు, నటుడు మాత్రము పెద్దవాడగును. అతడు నిలిచినచోటనే యున్నను, మనవైపునకు దూసికొని వచ్చినట్లు కనబడును. ఈ చిత్రపు దృశ్యమాయలకు 1979లో అకాడమీవారు ప్రత్యేక బహుమానమొసగిరి.

యంత్రముల నేర్పు ఇంత యున్నను, తీగెలపై వ్రేలాడు నటుడు మూటవలె కనబడిన యెడల అంతయు వ్యర్థమగును. క్రిస్టఫర్ రీవ్ అను ఆ నటుడు స్వయముగ విమానచోదకుడు. యంత్రము లేకుండ గాలిపై తేలు గ్లైడరులను నడపినవాడు. మలుపు తిరుగునప్పుడు దేహము ఎంత వాలవలయునో, దిగునప్పుడు ఎట్లు నిదానింపవలయునో అతనికి తెలియును. పిల్లలు ఆ యెగురుటను చూచి మైమఱచిరి. బాలురారా, దాని వెనుక తీగెలును అద్దములును గలవని మఱవకుడు. మేడలనుండియు గోడలనుండియు దుముకుట అపాయము, అది వీరత్వము కాదు.

రీవ్‌ను ఎన్నుకొనునాటికి అతని వయస్సు 24 సంవత్సరములు. అతడు ఆరడుగుల నాలుగంగుళముల పొడగరి. పేరు పొందిన మార్లన్ బ్రాండో, జీన్ హాక్‌మన్ మొదలగువారు తక్కిన పాత్రలు ధరింపగా, నాయకుని పాత్ర మాత్రము లోకమెఱుగని యువకునికి దక్కినది. దేహము బక్కపలుచగ నున్నందున దుస్తులలో మెత్తలు పెట్టుదుమని నిర్మాతలనగా, అతడు నిరాకరించి, నెలల తరబడి వ్యాయామము చేసి దేహమును పెంచుకొనెను.

అభిమానులు మరల మరల చెప్పుకొను దృశ్యమొకటి కలదు. లోయిస్ అను తోటి విలేఖరి యింట క్లార్కు ఒంటరిగ నిలిచియుండును. ఆమె లోపలి గదిలో నుండును. తన రహస్యమును ఆమెకు చెప్పివేయవలయునని అతనికి తోచును. కండ్లజోడు తీయును. వంగిన భుజములు నిటారగును, కంఠము గంభీరమగును, మనుష్యుడు మన కన్నులయెదుట పెరుగును. మఱుక్షణమే ధైర్యము చాలక కండ్లజోడు పెట్టుకొని మరల కుంగిపోవును. ఇందు తీగె లేదు, అద్దము లేదు, కెమెరా మాయ లేదు. ఒకే నటుడు ఒకే దుస్తులలో ఇద్దఱు మనుష్యులగును. బాల్యమున ఈ దృశ్యమును గమనింపనివారు పెద్దలైన పిమ్మట దీనిని చూచి యాశ్చర్యపడుచుందురు.

ఇట్లని అభిమానులు చిత్రములోని లోపములను దాచుటలేదు. కడపట లోయిస్ భూకంపమున మరణింపగా, సూపర్‌మాన్ దుఃఖముతో భూమిచుట్టు అతివేగమున ఎగిరి, భూమిని వెనుకకు త్రిప్పి, కాలమునే మరల్చి ఆమెను బ్రదికించును. ఇది శాస్త్రమునకు నిలువదు. భూమధ్యరేఖయొద్ద భూతలము గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నది. అది తటాలున నిలిచినయెడల సముద్రములును కట్టడములును మనుష్యులును తూర్పునకు విసరివేయబడుట తప్ప, గడచిన గంట తిరిగిరాదు. గడియారపు ముల్లును వెనుకకు త్రిప్పినంతమాత్రమున ఉదయము రాదుగదా! అతడు త్రిప్పినది భూమిని కాదు, అతడే కాలములో వెనుకకు పోవుటచే భూమి వెనుకకు తిరిగినట్లు కనబడినదని కొందఱు సమర్థింతురు. ఈ వాదము నలువదియైదు సంవత్సరములు దాటినను తెగలేదు.

లోపము శాస్త్రములోనే కాదు, కథలోనే యున్నదని మా యభిప్రాయము. ఏలయనగా అదే చిత్రమున మొదటి భాగములో ఇంతకంటె సత్యమైన దృశ్యమున్నది. బాలుడైన క్లార్కు తన బలమును తోటివారికి చూపలేక బాధపడుచుండగా, పెంపుడు తండ్రి అతనిని ఓదార్చి, ఈ లోకమున నీవుండుటకు ఒక కారణమున్నది, అది బంతియాటలో గెలుచుటకు మాత్రము కాదని బోధించును. ఆ మాటలైన కొన్ని క్షణములకే ఆ వృద్ధుడు గుండెనొప్పిచే కూలి మరణించును. శ్మశానవాటికలో ఆ యువకుడు తల్లితో, తనకింత శక్తియుండియు తండ్రిని రక్షింపలేకపోతినని వాపోవును. రైలుబండితో పందెము వేయగలవాడు తండ్రి గుండెను కొట్టించలేకపోయెను.

పదేండ్ల వయస్సున ఈ చిత్రమును చూచినవారికి ప్రియమైనది ఎగురుట. ఇరువది ఏండ్లకు వారికి లోయిస్ యింటి దృశ్యము నచ్చును. ఇప్పుడు వారిలో పలువురు ఏబది ఏండ్లు దాటినవారు, తమ తండ్రులను మట్టికి అప్పగించినవారు. శ్మశానపు దృశ్యము వచ్చినపుడు వారి కంఠము గద్గదమగును. చిత్రము మాఱలేదు, చూచువారు పెరిగిరి. ప్రతి వయస్సునకును తగిన యాహారము దానిలో మొదటినుండియు నుండుటయే దాని గొప్పతనము. కేవలము మాయలు చూపిన చిత్రములు అంతకంటె గొప్ప మాయలు వచ్చినంతనే మరుగునపడినవి. ఈ చిత్రపు మాయలు నేటి కంప్యూటరు మాయలముందు వెలవెలబోయినను, దాని యాదరణ తగ్గకుండుటకు ఇదియే కారణమని మేము తలంతుము.

ప్రేమ యూరకుండలేదు, పనియు చేసినది. డానర్ మొదటి భాగముతోపాటు రెండవ భాగమును చాలవఱకు చిత్రీకరించియుండగా, నిర్మాతలతో కలిగిన భేదములచే తొలగింపబడెను. రిచర్డు లెస్టర్ అను మఱియొక దర్శకుడు దానిని మార్చి ముగింపగా 1980లో వెలువడినది. తొలి దర్శకుడు తీసిన భాగములు ఎచ్చటనో పెట్టెలలో పడియున్నవని తెలిసిన అభిమానులు, వానిని వెలికి తీయుడని చాల సంవత్సరములు విన్నపములు పంపుచునే యుండిరి. తుదకు ఆ ఫిల్ము చుట్టలను వెదకి తీసి, 2006లో డానర్ కూర్పు అను పేర విడుదల చేసిరి. ఒక దృశ్యము చిత్రీకరింపబడియే యుండనందున, నటులను పరీక్షించుటకు ముందెన్నడో తీసిన తునకలను అచ్చట అతికిరి. జుట్టు ఒకచోట ఒకరీతి, మఱియొకచోట మఱియొకరీతి. అయినను అభిమానులు దానిని కన్నబిడ్డవలె ఆదరించిరి. 2017లో మొదటి చిత్రమును అమెరికా దేశపు కాంగ్రెసు గ్రంథాలయమువారు, జాతి భద్రపఱచుకొనవలసిన చలనచిత్రముల పట్టికలో చేర్చిరి.

ఆ 2006 నాటి కూర్పును చూచుటకు క్రిస్టఫర్ రీవ్ జీవించిలేడు. అభిమానుల జ్ఞాపకమును నవ్వులాటనుండి గౌరవమునకు మార్చినది అతని కడపటి జీవితమే గనుక, దానిని చెప్పక ఈ వ్యాసమును ముగింపజాలము.

1995 మే 27వ తేదీన వర్జీనియా రాష్ట్రమున జరిగిన గుఱ్ఱపు స్వారీ పోటీలో, అతని గుఱ్ఱము అడ్డుకట్టయొద్ద హఠాత్తుగా నిలిచిపోగా, అతడు తలక్రిందుగా పడెను. మెడయెముకలు విరిగి, వెన్నుపాము చెడి, భుజములనుండి క్రిందికి దేహము చలనరహితమయ్యెను. శ్వాసయు యంత్రముచేతనే పీల్చవలసి వచ్చెను. అప్పటి కతనికి 42 సంవత్సరములు. తాను బ్రదుకుట మంచిదా యని సందేహించిన యతనికి భార్య డేనా, నీవు నీవే, నిన్ను నేను ప్రేమించుచునే యున్నానను భావముతో ధైర్యము చెప్పెను. నాటక విద్యాలయమునాటి స్నేహితుడు రాబిన్ విలియమ్స్ రష్యా దేశపు వైద్యునివలె వేషము వేసికొని ఆస్పత్రి గదిలోనికి వచ్చి, పడిన పిమ్మట మొదటిమాఱు అతనిని నవ్వించెను.

అటుపిమ్మట రీవ్ తొమ్మిది సంవత్సరములు జీవించెను. 1996లో అకాడమీ బహుమానముల సభలో అతడు చక్రముల కుర్చీలో వేదికపై కనబడగా సభవారందఱును లేచి నిలిచిరి. అతడు చిత్రములకు దర్శకత్వము వహించెను, గ్రంథము వ్రాసెను, వెన్నుపాము చెడినవారి చికిత్సకై పరిశోధనలకు ధనము సమకూర్చెను. 2000లో, ఏండ్లకొలది సాధన చేసిన పిమ్మట, ఎడమచేతి చూపుడు వ్రేలిని తన యిష్టప్రకారము కదలింపగలిగెను. ఆకాశమున ఎగిరినవానిని చూచి చప్పట్లు కొట్టిన జనులు, ఒక వ్రేలు కదలినదని విని కన్నీరు విడిచిరి. 2004 అక్టోబరు 10న, 52వ యేట అతడు పరమపదించెను. 2006లో అతని భార్యయు గతించినది. వారి పేరనున్న సంస్థ నేటికిని పక్షవాత రోగులకు తోడ్పడుచున్నది.

చిత్రములోని వీరుడు కాలమును వెనుకకు త్రిప్పెను. ఆ పాత్రను ధరించిన మనుష్యునికి ఆ పడిన క్షణమును వెనుకకు త్రిప్పు శక్తి లేకపోయెను. అయినను, ఓర్చుకొని, తనవంటి ఇతరులకై పనిచేసెను. వీరుడనగా ఎవరని అడిగినవారికి, పెద్ద యాటంకములు వచ్చినను పట్టువిడువక సహించు సామాన్య మానవుడే వీరుడని అతడు తన చివరి దినములలో సమాధానము చెప్పుచుండెను. సూపర్‌మాన్ చిత్రమును నేడు చూచువారు ఆ యెగురు దేహమును చూచునప్పుడు ఈ రెండవ కథయు వారి మనస్సున నిలుచును. బాల్యమున బలమును ప్రేమించినవారు ఇప్పుడు సహనమును గౌరవించుచున్నారు.

2025 జూలైలో జేమ్స్ గన్ దర్శకత్వమున క్రొత్త సూపర్‌మాన్ చిత్రము వెలువడినది. అందు వార్తలు చెప్పు విలేఖరిగా క్షణకాలము కనబడు యువకుడు విల్ రీవ్. తండ్రి గుఱ్ఱముపైనుండి పడిన దినమునకు మూడేండ్లు నిండని బాలుడతడే. పాత అభిమానులు అతనిని గుర్తించి, తమ పిల్లలకు చూపి, ఆ తండ్రి కథను చెప్పిరి.

కావున, మెట్రోపోలిస్ ఉత్సవమున నిలిచిన ఆ తలనెరసినవారిని మేము వెఱ్ఱివారనజాలము. తమకు మంచితనమును మొదట ప్రియము చేసిన దానిని వారు మఱువకున్నారు. విద్యార్థులారా, మీరును ఇప్పుడేదో కథను, ఏదో చిత్రమును మిక్కిలి ప్రేమించుచుందురు. పెద్దలైన పిమ్మట దానిని ఒకమాఱు మరల చూడుడు. వట్టి తళుకైనచో మీకే తెలియును. అందు సత్యమున్నచో అప్పుడు కానరానిది ఇప్పుడు కానవచ్చును. తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇట్టి కథలను చూచునప్పుడు ప్రక్కన కూర్చుండి చూడుడు. ఎగురుట యెట్లో వారు మిమ్ము నడిగెదరు. శ్మశానవాటికలో ఆ బాలుడు ఏల ఏడ్చుచున్నాడో మీరు వారికి చెప్పవచ్చును.